బియ్యం డబ్బాలో పడుకున్న ఫైలు

సోమవారం పొద్దున ఎనిమిదీ ఇరవైకి యూవెన్ ఫైలు తెరిచేసరికి బురద మళ్ళీ ఇంకో పదకొండు ఇళ్ళలోకి వచ్చేసి ఉంది.

శుక్రవారం ఆవిడ లేచి వెళ్ళేటప్పుడు మునిగినవి తొమ్మిది ఇళ్ళే. ఆ తొమ్మిదీ కొండవాలుకి ఆనుకుని ఉన్నవి, ఎవరు లెక్కేసినా మునిగేవి. మిగతా ఊరంతా తెర మీద కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉండాలి. ఇప్పుడు వీధి పొడుగునా, బడి గోడ దాకా, పలచగా గోధుమరంగు పాకి ఉంది. పళ్ళెం కడగకుండానే ఎవరో బోర్లించేసినట్టుంది.

ఆవిడ కంగారుపడలేదు. సోయాపాల గ్లాసులో గొట్టం గుచ్చి, రెండు గుక్కలు తాగి, అప్పుడు కుర్చీ సంగతి చూసింది. కుర్చీ నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. తెర వెలుతురు తగ్గించి ఉంది. కంప్యూటరు నెత్తి మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ తిండి పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం. తైనాన్‌లో ఏ ల్యాబుకి వెళ్ళినా యంత్రం మీద అదొకటి కూర్చునే ఉంటుంది. యంత్రాన్ని బుద్ధిగా ఉంచడం దాని ఉద్యోగం. మనుషుల సంగతి దాని చేతిలో లేదు.

రెండు రోజులు ఆపకుండా వాన పడితే ఫలానా ఊరి వెనక కొండ ఎంత జారుతుందో పక్క గదిలో యంత్రాలు లెక్క కడతాయి. ఆ లెక్కని మనుషులు చూడగలిగే బొమ్మ చెయ్యడం యూవెన్ పని. ఎక్కణ్ణుంచి చూస్తున్నాం, ఏ లోతుకి ఏ రంగు, కొండని ఎక్కడ కోసి లోపల చూపిస్తున్నాం, ఇవన్నీ సర్దుకున్నాక ఆ సర్దుబాటంతా ఒక ఫైల్లో దాచుకుంటారు. స్థితి ఫైలు అంటారు దాన్ని. మర్నాడు తెరిస్తే బొమ్మ నిన్న ఎలా వదిలామో అలా లేచి నిలబడాలి. వీటితో పాటు గడప అని ఒక అంకె ఉంది. ఎంత లోతుకన్నా తక్కువ బురదని బొమ్మలో వెయ్యనక్కర్లేదో అది చెబుతుంది. కొన్న సాఫ్ట్‌వేర్లో ఆ సదుపాయం లేకపోతే ఆరేళ్ళ కిందట యూవెనే రాసి అతికించింది. ఆవిడ గడప అర మీటరు. తెర కుడివైపు చిన్న గడిలో ఇప్పుడు పది సెంటీమీటర్లు అని ఉంది.

గడిలో అర మీటరు కొట్టింది. బురద పదకొండు ఇళ్ళలోంచి బయటికి వెళ్ళిపోయింది. నవంబరు మొదటి వారం నుంచి ఇలా దిద్దడం ఇది ఎనిమిదోసారి.

ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూసింది. శుక్రవారం, పదకొండూ యాభై రెండు. అంటే తను దాచిన వేళే. ఆ తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదని కంప్యూటరు ప్రమాణం చేసి చెబుతోంది. ఇంకొకరైతే దాంతో అనుమానం మానుకునేవారు. యూవెన్‌కి పెరిగింది. తేదీని కూడా వెనక్కి తిప్పి పెట్టగలిగినవాడంటే సామాన్యుడు కాదు.

ఆ సామాన్యుడు కానివాడు మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆ కుర్చీలోకి వస్తాడు. పేరు లియెన్. నలభై దాటిన మనిషి, పలచటి జుట్టు, రోజూ అదే నీలం స్వెట్టరు. ఫిబ్రవరిలో వేరే ల్యాబు మూసేస్తే ఇక్కడికి వచ్చాడు. పొద్దున యూవెన్, మధ్యాహ్నం లియెన్, యంత్రం ఒకటే, గోడకి అంటించిన కాగితం మీద పాస్‌వర్డ్ కూడా ఒకటే. జనవరి నుంచి ఉద్యోగం కూడా ఒకటే అని కిందటి నెల తెలిసింది.

*

పన్నెండున్నరకి ల్యాబులో దీపాలు ఆర్పేస్తారు. అన్నం డబ్బాలు మూతపెట్టి, రబ్బరు బ్యాండు బిగించి, చెత్తబుట్టలో వేసి, అందరూ బల్లల మీద చేతులు మడిచి తల వాలుస్తారు. గంటసేపు ఎవరూ ఎవరితో మాట్లాడరు. ప్రాథమిక పాఠశాలలో టీచరు బెత్తం పట్టుకుని నేర్పించిన నిద్ర అది. పెద్దయ్యాక బెత్తం లేకుండానే వస్తుంది.

యూవెన్ పదకొండేళ్ళుగా ఆ గంటలో నిద్రపోతూనే ఉంది. ఈ సోమవారం మోచేతి సందులోంచి చూస్తూ పడుకుంది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి పడుకోవడం అంత తేలిక కాదు. మూసిన కన్ను రెండోదాన్ని కూడా లాక్కుపోతుంది.

లియెన్ పడుకోలేదు. కిటికీ తెర సందులోంచి పడే వెలుతుర్లో, జేబులోంచి అరచేతిలో ఇమిడే నోటు పుస్తకం తీసి ఏదో రాస్తున్నాడు. ఒక పంక్తి రాసి, కిందటి పేజీ తిప్పి చూసి, మళ్ళీ రాశాడు. పక్క బల్ల మీద పడుకున్న యీజూ, అంటే పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, దగ్గింది. లియెన్ వెంటనే పుస్తకం మూసి జేబులో పెట్టేసి తల వాల్చాడు.

దీపాలు వెలిగాక యూవెన్ వేడినీళ్ళ యంత్రం దగ్గర అతని పక్కన నిలబడి, చాలా మామూలుగా అడిగింది, శుక్రవారం ఎంతసేపున్నారని. ఏడింటిదాకా అన్నాడు అతను. బొమ్మలు బాగా వచ్చాయా అంది. వచ్చాయన్నాడు. టీ పొడి కావాలా అని ఆవిడ తన డబ్బా చాపింది. అతను ఆ డబ్బా కేసి క్షణం ఎక్కువే చూసి, వద్దండీ, వేడినీళ్ళే అలవాటు అన్నాడు.

టీ పొడి వద్దనేవాడు తైవాన్‌లో ఏ మంచి ఉద్దేశంతో ఉంటాడని యూవెన్ అనుకుంది.

కారణం కూడా ఆవిడ దగ్గర సిద్ధంగానే ఉంది. అక్టోబరు ఆఖర్లో ఆ కొండ ఊరి పంచాయతీవాళ్ళు వచ్చారు. లియెన్ తెర ముందు నిలబడి, ఇరవై ఇళ్ళలోకి బురద వస్తుందండీ, అని చెప్పి ఫైలు తెరిచాడు. తెర మీద తొమ్మిదే వచ్చాయి. పంచాయతీ పెద్దాయన వేలితో గాల్లో లెక్కపెట్టి, మిగతా పదకొండూ భోజనానికి వెళ్ళాయా అన్నాడు. అందరూ నవ్వారు. ఔయాంగ్ మాస్టారు నవ్వలేదు. ల్యాబు ఆయనది, పరువు కూడా ఆయనది.

"లెక్కపెట్టడం రానివాళ్ళని నా ల్యాబులో పెట్టుకున్నానని ఊరికి కూడా తెలియాలా?" అన్నాడు మాస్టారు, అంతమంది ముందూ.

లియెన్ నడుం వంచి, నా పొరపాటే సార్ అన్నాడు. రెండో వరసలో యూవెన్ ఆకుపచ్చ తొక్క నారింజ ఒలుచుకుంటోంది. తొక్క తెగకుండా ఒకే ముక్కగా వస్తుంటే మధ్యలో తలెత్తాలనిపించలేదు.

సరిగ్గా ఆ తరవాతి వారం నుంచే తన ఫైళ్ళలోకి బురద రావడం మొదలైంది. దానికి వేరే జోస్యం అక్కర్లేదు.

*

మంగళవారం మాస్టారి గదిలోకి వెళ్ళింది. ఔయాంగ్ మాస్టారు అరవై దాటాడు. పిడికిలంత మట్టి కూజాలో టీ కాచి, అరగుక్క పట్టే కప్పుల్లో పోస్తూ ప్రపంచంలో ఎవర్నీ నమ్మకూడదని చెప్పడం ఆయనకి ఇష్టం. మొదటి కప్పు ఎవరి ముందు పెట్టాడన్నదాన్ని బట్టి ఆ వారం ల్యాబులో ఎవరి వెలుగు వెలుగుతోందో తెలుస్తుంది. ఆ రోజు మొదటి కప్పు యూవెన్ ముందు పెట్టాడు.

ఆవిడ పేరు చెప్పకుండా చెప్పింది. ఎవరినీ అనడం లేదంది. తనకి మతిమరుపేమో అంది. పొద్దున దాచిన బొమ్మ మర్నాటికి మారిపోతోంది, మధ్యాహ్నాలు తను ఉండదు, అంతే అంది. పేరు చెప్పడం కన్నా అది బాగా పనిచేసింది.

"మధ్యాహ్నం ఉండేది ఒక్కడేగా," అన్నాడు మాస్టారు.

"తొందరపడకండి సార్. రుజువు లేదు."

"నీ మాట చాలదూ? పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను నిన్ను."

ఆయన ఇంకో కప్పు పోశాడు. జనవరి ఉద్యోగం ఎవరికివ్వాలా అని నిన్నటిదాకా ఊగిసలాడాననీ, ఇప్పుడా బాధ లేదనీ, శుక్రవారం మీటింగులో లియెన్ దగ్గర ల్యాబు తాళంచెవి తీసేసుకుంటాననీ చెప్పాడు. యూవెన్ కప్పు రెండు చేతులతో పట్టుకుని, మీ ఇష్టం సార్ అంది. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గానే ఉన్నాయి. సగం మెట్లు దిగాక మాత్రం రుజువు కూడా ఉంటే బాగుండుననిపించింది. మాస్టారి కోసం కాదు. రేపు లియెన్ మొహం గుర్తొస్తే అడ్డం పెట్టుకోవడానికి.

అందుకని ఆ పూట పని ముగించేటప్పుడు కొత్త స్థితి ఫైలొకటి దాచింది. దాని నకలు వేలెడంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఒక కాపీ కంప్యూటర్లో, ఒక కాపీ తన సంచిలో, తోటకూర కట్టకీ టోఫు ప్యాకెట్‌కీ మధ్య. రేపు పొద్దున కంప్యూటర్లోది మారి, సంచిలోది మారకుండా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇంట్లో ఎక్కడ పెట్టినా అత్తగారి చెయ్యి పడని చోటు లేదు. ఆవిడ డెబ్భై ఆరేళ్ళ వయసులో రోజూ ఇల్లంతా ఒకసారి సోదా చేస్తేగాని అన్నం తినదు. యూవెన్ ఆలోచించి, చిన్న ప్లాస్టిక్ సంచిలో ముడేసి, బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగున దాచింది.

"బియ్యం నాలుగు రోజులకొస్తాయి, అంత లోతుకెళ్ళి చూడక్కర్లేదు," అంది అత్తగారు వెనకనుంచి.

"పురుగు పట్టిందేమోనని, అత్తయ్యా."

"పట్టలేదు. పొద్దునే చూశాను." ఆవిడ కోడలి మోచేతికి అంటిన తవుడు కేసి చూసింది. "మీ ఆయనకి తెలియకుండా దాచేదైతే బియ్యంలో వద్దు. వాడికి తెలిసిన చోటు అదొక్కటే."

*

బుధవారం పొద్దున ముందు కంప్యూటర్లోని ఫైలు తెరిచింది. పది సెంటీమీటర్లు. ఇరవై ఇళ్ళు. అనుకున్నట్టే. దొరికాడు అనుకుని, పెన్‌డ్రైవ్ గుచ్చి సంచిలోని ఫైలు తెరిచింది.

పది సెంటీమీటర్లు. ఇరవై ఇళ్ళు.

యూవెన్ సోయాపాలు పక్కన పెట్టింది. బియ్యం డబ్బాలో మూత కింద, పన్నెండు కిలోల గింజల అడుగున, ప్లాస్టిక్ ముడిలో రాత్రంతా పడుకున్న ఫైలది. పెన్‌డ్రైవ్ తీసి తిప్పి చూసింది. కన్నంలో ఒక నూక ఇరుక్కుని ఉంది. పిన్నీసుతో తీసి మళ్ళీ పెట్టింది. పది సెంటీమీటర్లే.

ఒక్క క్షణం అత్తగారిని కూడా అనుమానించింది. కొండచరియల గురించి అత్తగారికి ఏ అభిప్రాయమూ లేదని గుర్తొచ్చి మానుకుంది. తరవాత, డిగ్రీ చదివిన మనిషై ఉండీ, యంత్రం మీది ఆకుపచ్చ ప్యాకెట్ తీసి గడువు తేదీ చూసింది. ఇంకా ఏడు నెలలుంది.

అప్పుడు ఒక పని చేసింది. ఖాళీ తెర తెరిచి గడప గడిలో ముప్ఫై ఏడు సెంటీమీటర్లని కొట్టింది. లోకంలో ఎవరూ పెట్టని అంకె. మూసేసింది. బియ్యంలో పడుకున్న ఫైలు మళ్ళీ తెరిచింది. గడిలో ముప్ఫై ఏడు.

ఆ తరవాత స్థితి ఫైల్ని బొమ్మగా కాకుండా అక్షరాలుగా తెరిచి మొదటినుంచి చదివింది. చూసే కోణం ఉంది. రంగులున్నాయి. కొండ కోత ఉంది. దీపం ఎటునుంచి పడుతోందో ఉంది. నాలుగు వందల పైచిలుకు పంక్తుల్లో గడప ఊసు ఎక్కడా లేదు.

లోపలికి వెళ్ళి తను రాసిన కోడ్ తెరిచింది. పైన తన పేరు, ఆరేళ్ళ కిందటి తేదీ. ఫైలు దాచేటప్పుడు వెంట ఏమేం మూటకట్టాలో చెప్పే జాబితా. జాబితా చివర తన సొంత వాక్యం: గడపని కూడా ఇక్కడ చేర్చాలి, తరవాత. తరవాత అంటే ఎప్పుడో రాయలేదు. ఫైల్లో గడప దొరక్కపోతే ఆ యంత్రం మీద ఆఖరున ఎవరు ఏ అంకె వాడారో అదే తీసుకోమని, అప్పటికి గడిచిపోవడానికి, ఇంకో పంక్తి.

ఐదేళ్ళు ఆ యంత్రం మీద ఆవిడ ఒక్కతే. ఆఖరున వాడింది ఎప్పుడూ తనే. ఫైలు తన అంకె గుర్తుపెట్టుకుందనుకుంది గాని గుర్తుపెట్టుకోడానికి అక్కడ ఇంకో అంకె లేదు.

దిద్దడానికి రెండు పంక్తులు చాలు. పావుగంట పని. ఇప్పుడు దిద్దేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రేపటినుంచి బురద రాదు. ఎల్లుండి తాళంచెవి మాస్టారి బల్ల మీదికి వస్తుంది, తప్పు చేసినవాణ్ణి పంపించేశాక తప్పు ఆగిపోయిందని లోకం అనుకుంటుంది. అన్నీ ఎంత చక్కగా ఒదుగుతున్నాయో చూసి యూవెన్‌కే భయమేసింది. కోడ్ మూసేసి, ఏమీ దిద్దకుండా, కూరగాయల సంచి తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

*

గురువారం మధ్యాహ్నం దీపాలు ఆరాక, అందరి తలలూ వాలాక, చెప్పులు చప్పుడు కాకుండా లియెన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. అతను చటుక్కున నోటు పుస్తకం మూశాడు.

"అందులో ఏం రాస్తున్నారో చూడనిస్తారా?" అంది గుసగుసగా.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. తరవాత, అడిగితే ఇవ్వకుండా ఉండడం చేతకాని మనిషిలా, పుస్తకం తిప్పి ముందుకి తోశాడు. మార్చి మొదటి వారం నుంచి తేదీలు. ప్రతి తేదీ ఎదురుగా అతను ముందురోజు దాచిన గడప, మర్నాడు తెరిస్తే కనిపించిన గడప. దాచింది పది. తెరిస్తే యాభై. దాచింది పది. తెరిస్తే యాభై. పేజీల తరబడి అదే. బుధవారం దగ్గర మాత్రం తెరిస్తే ముప్ఫై ఏడు అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

"ముప్ఫై ఏడు ఎందుకు పెట్టారు?" అన్నాడు లియెన్. "యాభై అంటే అర్థమైంది. ఇది మాత్రం నిన్నంతా ఆలోచించినా అర్థం కాలేదు."

"నేను మీ ఫైళ్ళు మారుస్తున్నాననుకున్నారా?"

"ఇంకెవరున్నారు, యూవెన్ గారూ?"

యూవెన్ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అటుపక్క యీజూ సన్నగా గురక పెడుతోంది. గడప ఫైల్లో లేదనీ, ఎన్నడూ లేదనీ, తనే రాయడం మర్చిపోయిందనీ, ఆఖరున ఎవరు కూర్చుంటే వాళ్ళ అంకె తరవాతివాళ్ళ నెత్తికెక్కుతోందనీ గుసగుసగానే చెప్పింది. అతను వింటూ పుస్తకం అంచు బొటనవేలితో రుద్దాడు.

"మరి అక్టోబరు దాకా నాకు ఒక్కసారి కూడా పది రాలేదే?" అని అడిగింది. అదొక్కటి ఆవిడకి తెగలేదు.

లియెన్ కొంచెం సిగ్గుపడ్డాడు. "పోయేటప్పుడు మళ్ళీ యాభై పెట్టి వెళ్ళేవాణ్ణి. కుర్చీ పైకి లేపి, తెర వెలుతురు పెంచి, గడప యాభై చేసి. మీరు నాకన్నా ముందునుంచి ఉన్నారు. మీ సామాను ఎలా ఉందో అలా పెట్టి వెళ్ళాలిగా."

"అక్టోబరు మీటింగు ముందురోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

"ఆ తరవాత మానేశారు."

"మానేశాను. కుర్చీతో సహా."

యూవెన్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే రాకుండా పోయింది. ఇరవై ఇళ్ళని తొమ్మిది చేసి అతన్ని అందరి ముందూ నడుం వంచేలా చేసింది అతని మర్యాదే. తన ఫైళ్ళలోకి బురద తెచ్చింది అతను మర్యాద మానెయ్యడం.

"నేను మాస్టారికి చెప్పేశాను," అంది. "మీ మీద. మంగళవారం."

లియెన్ తలూపాడు. "రేపు తాళంచెవి తెమ్మని మాస్టారు కబురు పెట్టారు. ఎందుకో అర్థమైంది." పుస్తకం జేబులో పెట్టుకుని, "నేనూ చెప్పాను. మీ మీద. మార్చిలో," అన్నాడు.

"ఏమన్నారు?"

"రుజువేదన్నారు."

చీకట్లో ఎవరో కుర్చీ కదిపారు. యూవెన్ ఒళ్ళో ఉన్న తన చేతుల కేసి చూసుకుంది. నీ మాట చాలదూ అని మంగళవారం విన్న గొంతు, రుజువేది అన్న గొంతు, రెండూ ఒకటే. టీ కూడా అదే కూజాలోది అయ్యుంటుంది. మార్చిలో మొదటి కప్పు ఎవరి ముందు పెట్టాడో అడగలేదు.

"అందుకేనా నా టీ పొడి ముట్టుకోరు?"

"ఏం కలుపుతారో అని," అన్నాడు లియెన్, చాలా గంభీరంగా.

ఇంకొకటి కూడా అడిగింది ఆవిడ. పది సెంటీమీటర్ల బురదని ఎవరైనా లెక్కచేస్తారా, చీపురుతో ఊడ్చేస్తే పోయేది. బొమ్మని అసహ్యం చెయ్యడం తప్ప ఏం లాభం. లియెన్ లేచి, ల్యాబు తలుపు తీసుకుని బయటి వరండాలోకి వెళ్ళి, వెనక్కి మూశాడు. రమ్మన్నాడేమోనని యూవెన్ వెళ్ళి తలుపు తోసింది. రాలేదు. భుజం ఆనించి తోసింది. రెండు వేళ్ళ సందు వచ్చి ఆగిపోయింది. ఆ సందులోంచి కిందికి చూస్తే అతని బూటు తలుపుకి అడ్డంగా ఉంది.

"ఇది ఒక్క కాలు," అన్నాడు సందులోంచి. "ఆ కొండ ఊళ్ళల్లో తలుపులన్నీ వీధిలోకే తెరుచుకుంటాయి. రాళ్ళు కలిసిన బురద ఇంతెత్తు వీధంతా పేరుకుంటే లోపలివాళ్ళు తొయ్యలేరు. మా పెద్దమ్మని రెండోరోజు కిటికీ ఊచలు కోసి తీశాం."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది. ఇప్పటికీ ఆ తలుపుని తిడుతూనే ఉంటుంది."

దీపాలు వెలిగాక ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. యూవెన్ కోడ్ తెరిచి తన వాక్యం చూపించింది. కీబోర్డు అతని వైపు జరిపింది. మీదే కదా, మీరే దిద్దండి అన్నాడతను. నేను పక్కన కూర్చుని చెప్తాను, మీరు కొట్టండి అంది. దాచేటప్పుడు ఒక పంక్తి, తెరిచేటప్పుడు ఒక పంక్తి. పాత ఫైళ్ళలో గడప లేదు కాబట్టి అలాంటిది తెరిస్తే ఊరుకోకుండా అడగాలని ఇంకొకటి. మార్చింది ఎవరు అని యంత్రం అడిగితే లియెన్ ఆవిడ కేసి చూశాడు. మీ పేరే అంది.

*

శుక్రవారం మీటింగులో వారమంతా చేసిన పని ఎవరిది వాళ్ళు చూపిస్తారు. లియెన్ వచ్చీ రాగానే తాళంచెవి మాస్టారి టీ పళ్ళెం పక్కన పెట్టాడు. దానికి చిన్న ఎర్ర తాడు ఉంది. మాస్టారు దాని కేసి చూడకుండా టీ కాస్తున్నాడు.

యూవెన్ మొదట తను చూపిస్తానంది. ముప్ఫై ఏడు కథ చెప్పింది. బియ్యం డబ్బా కూడా చెప్పింది, అది చెప్పకపోతే ఎవరూ నమ్మరని. యీజూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాత కోడ్‌తో అక్టోబరు ఫైలు రెండుసార్లు తెరిచి చూపించింది. ముందు ఆవిడ అంకె పెడితే తొమ్మిది ఇళ్ళు, అతని అంకె పెడితే ఇరవై. ఫైలు మాత్రం అదే.

"అక్టోబరులో లియెన్ గారు సరిగ్గానే లెక్కపెట్టారు, సార్. తప్పు నాది. ఆరేళ్ళ నుంచీ నాదే."

మాస్టారు మూత పెట్టి, మళ్ళీ తీసి, కూజాలోకి చూశాడు. తప్పు దొరకడం మంచిదేనన్నాడు. ఆ కోడ్ నీకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి దిద్దడానికి నువ్వుండాల్సిందే అన్నాడు. అంటే తప్పు చేసినందువల్ల ఉద్యోగం ఇంకా గట్టిపడిందన్నమాట. ఆ మాట నోట్లోనే ఉంచుకోవచ్చని యూవెన్‌కి తెలుసు. నారింజ ఒలవడానికి కూడా ఆ రోజు చేతిలో ఏమీ లేదు.

"దిద్దడం అయిపోయింది సార్. దిద్దింది లియెన్ గారు. ఆయన పేరు మీదే ఉంది చూడండి," అంది. "ఇంకొకటి. పాత బొమ్మలకి ఏ గడప వాడామో ఏ ఫైల్లోనూ లేదు. ఇక రాదు. ఉన్నదల్లా ఆయన జేబులో నోటు పుస్తకంలోనే. మార్చి నుంచి తేదీలతో సహా రాసుకున్నారు. మార్చిలో మీకు ఇదే మాట చెప్పారట కూడా."

మాస్టారు కూజా పైకెత్తాడు. మొదటి కప్పులో పోశాడు. పోశాక దాన్ని ఎవరి ముందు పెట్టాలో తెలియనట్టు కొంచెంసేపు గాల్లోనే పట్టుకున్నాడు. ఆయన క్షమించమని అడిగేరకం కాదు, ఆ కండరం ఆయనకి పుట్టుకతోనే లేదు. చివరికి కప్పు బల్ల మధ్యలో, ఇద్దరికీ సరిసమానమైన దూరంలో పెట్టి, వేలి కొనతో తాళంచెవిని లియెన్ వైపు నెట్టాడు.

"జనవరి నుంచి పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. సగం సగం," అన్నాడు. "ఎలాగూ అలాగే కూర్చుంటున్నారుగా."

మంగళవారం చేతిలో ఉన్న ఉద్యోగం శుక్రవారానికి సగమైంది. యూవెన్ తలూపింది. ఆ కప్పు ఎవరూ ముట్టుకోలేదు. మీటింగు అయ్యేసరికి చల్లారిపోతే యీజూ తాగేసింది.

ఇంట్లో చెప్పింది. అత్తగారు కొంచెంసేపు ఆలోచించి, సగం ఉద్యోగమైతే మధ్యాహ్నం వంట కూడా ఇక నీదేనని, పోగొట్టుకున్న సగం గురించి దిగులు వద్దని, ఇంట్లో ఆ సగానికి ఎప్పుడూ ఖాళీ ఉందని అంది.

*

సోమవారం పొద్దున కుర్చీ పైకి లేపి ఉంది. తెర వెలుతురు ఆవిడ ఎంత ఉంచుతుందో అంతే ఉంది. గడి ఏం చెబుతుందో చూడకుండానే యూవెన్ ముందు ఆకుపచ్చ ప్యాకెట్ పక్కకి జరిపి, దాని వెనక తన టీ పొడి డబ్బా పెట్టింది. మూత వదులు చేసి, చెంచా బయటికి కనపడేలా.

తరవాత ఫైలు తెరిచింది. దీన్ని గురువారం, కొత్త కోడ్‌తో దాచింది. అర మీటరు. తొమ్మిది ఇళ్ళు. ఊరంతా కడిగిన పళ్ళెంలా ఉంది. మూడు వారాల నుంచి ఆవిడ కోరుకున్నది ఇదే, వదిలింది వదిలినట్టు లేచి నిలబడింది.

సోయాపాలు తాగుతూ ఆ శుభ్రమైన వీధిని కాసేపు చూసింది. వీధికి అటూ ఇటూ పదకొండు చిన్న డబ్బాలు, వాటికి తలుపులు బొమ్మలో వెయ్యలేదు. గ్లాసు పక్కన పెట్టి, గడిలో యాభై చెరిపి పది కొట్టింది. గోధుమరంగు బడి గోడ దాకా పాకింది. ఫైలు దాచి, మూసి, నిలిచిందో లేదోనని మళ్ళీ తెరిచి చూసింది.

నిలిచింది.